కసోల్‌లో టెంట్ వేసుకునేముందు, చిన్నాకి పిన్ని రాసేది

చిన్నా,

మేలో ఆఫీసు ఫ్రెండ్స్‌తో హిమాచల్ ప్రదేశ్‌లోని కసోల్ వెళ్తున్నావంట, నది పక్కనే టెంట్లంట, మీ అమ్మ ఫోటోలు కూడా పంపించింది. చూసి నవ్వొచ్చింది నాకు, ఒకే ఒక్క టెంటు, వెనకాల పార్వతి నది, దేవదారు చెట్లు, మనిషన్నవాడు లేడు. మేలో అలాంటి చోటు దొరికితే నాకూ చెప్పు, మీ బాబాయ్‌ని లాక్కుని నేనూ వచ్చేస్తా. మేం చండీగఢ్‌లో ఉన్నన్నాళ్ళూ ఎండలు మొదలైతే చాలు ఆ లోయలోకే పోయేవాళ్ళం కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు డేట్లు మార్చుకోండి. శుక్రవారం రాత్రి ఢిల్లీలో వోల్వో ఎక్కితే శనివారం పొద్దున్నే భుంతర్‌లో దిగుతారు, మీతో పాటే సగం ఢిల్లీ, సగం పంజాబ్ కూడా దిగుతుంది. అక్కణ్ణుంచి కసోల్ ఓ 30 కిలోమీటర్లే కానీ కొండ అంచున సన్న రోడ్డు, ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే, వీకెండ్ అయితే జామ్‌లోనే మీ సగం రోజు పోతుంది. ఆదివారం రాత్రి బయల్దేరండి, సోమవారానికి ఊరు కాస్త ఖాళీ అవుతుంది. లీవుల సంగతి మీ మేనేజర్‌ని బతిమాలుకో, నాకు చెప్పకు. ఆ మలుపులకి నీకు వాంతులు గ్యారంటీ, చిన్నప్పుడు శ్రీశైలం ఘాట్‌లో ఏం చేశావో నాకు గుర్తే, టాబ్లెట్ బస్సెక్కకముందే వేసుకో.

ఇప్పుడు అసలు విషయం. ఆన్‌లైన్‌లో మొత్తం డబ్బు కట్టేయకండి, కొంచెం అడ్వాన్స్ ఇచ్చి, వెళ్ళి కళ్ళతో చూశాకే మిగతాది. అక్కడ నీళ్ళకి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ రేటు చెప్తారు, రివర్ వ్యూ అంటారు. నువ్వు మాత్రం తక్కువ రేటుకొచ్చే పై వరస టెంట్లే అడుగు. ఎందుకంటే ఎగువన బర్షైణి దగ్గర పార్వతి ప్రాజెక్టు డ్యామ్ ఉంది, వాళ్ళు గేట్లెత్తితే కింద నీళ్ళు పెరుగుతాయి, పైగా అది మంచు కరిగి వచ్చే నది, పగలంతా ఎండకి కరిగిన నీళ్ళు కిందకి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది, పొద్దున నువ్వు కూర్చుని టీ తాగిన రాయి సాయంత్రానికి కనపడకపోవచ్చు. సైట్‌లోకి వెళ్ళగానే ఒడ్డున రాళ్ళ మధ్య చూడు, ఎండు కొమ్మలు, ప్లాస్టిక్ చెత్త ఇరుక్కుని గీత గీసినట్టు ఉంటుంది, అంటే ఎప్పుడో నీళ్ళు అక్కడిదాకా వచ్చాయన్నమాట. నీ టెంటు ఆ గీతకి బాగా పైన ఉండాలి, వెనక నుంచి రోడ్డు మీదకి ఎక్కే దారి కూడా ఉండాలి, ఆ దారిని వెలుతురుండగానే ఓసారి ఎక్కి చూసుకో. సైరన్ మోగినా, నీళ్ళు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా ఫోన్, చెప్పులు, బ్యాగు ఏదీ వెతుక్కోకుండా పైకి పోండి.

భయపెడుతున్నాననుకోకు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూర్‌కెళ్ళిన ఇంజినీరింగ్ పిల్లలు థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి ఫోటోల కోసం దిగితే, పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు 24 మందిని తీసుకుపోయాయి. ఈతొస్తుందా రాదా అన్న ప్రశ్నే లేదు అక్కడ, ఆ చలికి, ఆ వేగానికి ఎవరూ నిలబడలేరు. మీ వోల్వో ఆ చుట్టుపక్కల నుంచే వెళ్తుంది, మీరంతా నిద్రలో ఉంటారు. కాబట్టి సెల్ఫీ కోసం నది మధ్య రాయి ఎక్కడం ఎవరు మొదలెట్టినా సరే, మీ టీమ్ లీడే అయినా సరే, కాలర్ పట్టుకుని వెనక్కి లాగు. ట్రిప్ జూలైకి మార్చుదాం అని ఎవరైనా అంటే అసలొద్దను, 2022 జూలైలో కసోల్ పక్కనే చోజ్ ఊళ్ళో వరదొచ్చి క్యాంపింగ్ సైటే కొట్టుకుపోయింది.

ఇక జనం గోల. టెంటుకీ టెంటుకీ మధ్య ఒక మనిషి పట్టడం కష్టం, పక్కవాడి గురక నీ చెవిలోనే. రాత్రి లేస్తే కట్టిన తాళ్ళకి తన్నుకుని పడతావు, టార్చ్ తలగడ పక్కనే పెట్టుకో. జనరేటర్‌కి, టాయిలెట్లకి, పాటలు పెట్టే మంట దగ్గరకి, ఈ మూడింటికీ దూరంగా ఇవ్వమని దిగకముందే అడుగు. రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్ పెట్టకూడదని రూలుంది, ఓనర్‌కి మర్యాదగా గుర్తు చెయ్యి, పక్క టెంట్ కుర్రాళ్ళతో మాత్రం గొడవకి దిగకు, తాగి ఉంటారు. అన్నట్టు పక్క టెంట్లో కచ్చితంగా మనవాళ్ళే ఉంటారు, ఎవరికి అర్థమవుతుందిలే అని తెలుగులో ఎవర్నీ తిట్టకండి, మీ బాబాయ్ అలా తిట్టినాయన గుంటూరాయనే అని తేలింది, తర్వాత ఆయనే మాకు ఆవకాయ పెట్టాడు.

టాయిలెట్ దగ్గర ఏడింటికల్లా క్యూ ఉంటుంది, ఆరుకి ముందే లేచి పని కానిచ్చెయ్. స్నానానికి బకెట్ వేడినీళ్ళ కోసం అక్కడ కొట్టుకోకుండా మణికరణ్ పోండి, పక్కనే, బస్సులుంటాయి. గురుద్వారాలో వేడినీళ్ళ గుండం ఉంది, ఆడవాళ్ళకి వేరే, ఎక్కువసేపు మునిగి కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి, కాసేపుండి వచ్చెయ్. తలకి గుడ్డ కట్టుకుని, అక్కడ అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో భోంచేయండి, కసోల్ కేఫుల్లో వందలు పోసి తినే పాస్తా కంటే ఆ పప్పూ రొట్టే నయం, నా లెక్కలో అయితే ఆ లోయలో అదే మంచి భోజనం. ఆ ఊటల వేడికే అన్నం ఉడికిస్తారు, అదీ చూసి రా. కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి పట్టుకెళ్ళు, రాజ్మా చావల్ రెండో పూటకే మొహం మొత్తుతుంది.

చలి సంగతి మర్చిపోయా. మేలో పగలు టీషర్ట్ చాలు, రాత్రి మాత్రం నదిగాలికి వణుకుతావు, పొద్దునకి టెంట్ లోపలంతా చెమ్మ కడుతుంది, వాళ్ళిచ్చే దుప్పట్లు ఎప్పుడు ఉతికారో దేవుడికెరుక, సొంత దుప్పటి ఒకటి, పొడి సాక్సులు రెండు జతలు. ఏటీఎంలు నమ్ముకోకు, నగదు ఉంచుకో.

ఇంకోటి, మీ అమ్మకి చెప్పను కానీ విను. అక్కడ టీ అమ్మినంత మామూలుగా ఎవడో ఒకడు అడుగుతాడు, చరస్, అంటే గంజాయి మొక్క నుంచి తీసే మత్తు సరుకు, కావాలా భయ్యా అని. రోడ్డు మీద పోలీసులు ఆపి బ్యాగులు వెతుకుతారు, కేసు పడితే ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చిక్కుల్లో పడతాయి, నీ బ్యాగులో వేరేవాడి పొట్లం కూడా ఉండకూడదు, పెట్టే ఫ్రెండ్ ఎవడో నీకే తెలియాలి.

తలకి కట్టుకునే టార్చ్ మీ బాబాయ్ దగ్గరుంది, కొత్తది కొనకు, హాస్టల్ అడ్రస్ మెసేజ్ పెడితే సోమవారం కొరియర్ చేయిస్తా.

పిన్ని