పాటలకూ పుస్తకాలకూ ఒక గది: పద్దు ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: ఇటీవలే సొంత ఇంట్లోకి మారాం. ఒక చిన్న గదిని సంగీతానికీ పుస్తకాలకూ కేటాయించాలన్నది నా చిరకాల కోరిక. ఆంప్లిఫయర్, స్పీకర్లు, రికార్డ్ ప్లేయర్, గోడ నిండా అరలు కావాలి. రెండు నెలల ఆదాయానికి సమానమైన బోనస్ చేతికి వచ్చింది. చాలనిది 12 శాతం ఫ్లాట్ వడ్డీతో 24 నెలల వాయిదాల్లో కట్టవచ్చని దుకాణంవారు చెబుతున్నారు. గృహరుణం వాయిదాతో కలిపి మా నెల ఖర్చు ఆదాయంలో 75 శాతం. అత్యవసర నిధి మూడు నెలల ఖర్చుకు సరిపడా ఉంది. ఇదంతా దండగని మావారు అంటారు. పాత రికార్డుల విలువ పెరుగుతుంది కాబట్టి ఇదీ ఒక పెట్టుబడేనని నేనంటాను. ఎవరి మాట సరైనది?

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా సరైనది కాదు. ఇష్టం కోసం చేసే ఖర్చును ఖర్చుగానే ఒప్పుకుంటే దానికి బడ్జెట్‌లో ఒక చోటూ ఒక హద్దూ ఏర్పడతాయి. పెట్టుబడి అని పేరు పెట్టామంటే ఎంత ఖర్చయినా సమర్థించుకోవడం మొదలవుతుంది. అరుదైన ముద్రణలు, చెక్కుచెదరని రికార్డులు కొన్ని ఎక్కువ ధర పలికే మాట నిజమే గాని, అవి చాలావరకు వాడకుండా భద్రపరిచినవి. మీరు వినడానికి, చదవడానికి కొంటున్నారు. వింటే రికార్డు అరుగుతుంది, చదివితే పుస్తకం నలుగుతుంది. కనుక తిరిగి అమ్మితే వచ్చే సొమ్మును సున్నాగా లెక్కించి, అప్పటికీ కొనాలనిపిస్తేనే కొనండి.

వాయిదా పథకాన్ని మాత్రం పక్కన పెట్టండి. 12 శాతం ఫ్లాట్ వడ్డీకి 100 తీసుకుంటే రెండేళ్లకు వడ్డీ 24 అవుతుంది. మొత్తం 124ను 24 సమాన వాయిదాల్లో కడతారు. ఏడాది గడిచేసరికి అసలులో సగం తీరిపోయినా, వడ్డీ మొదటి నాటి 100 మీదే పడుతూ ఉంటుంది. మీ గృహరుణానికి లెక్కించినట్లు తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 21.6 శాతం వడ్డీతో సమానం. వడ్డీ లేని వాయిదా అని ఎవరైనా చెప్పినా, ప్రాసెసింగ్ రుసుము ఎంతో, నగదుకైతే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి. వడ్డీ సాధారణంగా ఆ రెంటిలోనే దాక్కుని ఉంటుంది.

బోనస్‌లో ఒకటిన్నర నెలల ఆదాయాన్ని అత్యవసర నిధికి చేర్చండి. మీ ఖర్చు ఆదాయంలో 75 శాతమే కాబట్టి ఆ మొత్తం రెండు నెలల ఖర్చుకు వస్తుంది, నిధి మూడు నెలల నుంచి అయిదుకు పెరుగుతుంది. గృహరుణం ఉన్న కుటుంబానికి ఆరు నెలల నిధి మంచిదని నా అభిప్రాయం. ఆ ఆరో నెలను మీ నెలవారీ మిగులులోంచి నింపుకోవచ్చు. మిగిలిన సగం నెల ఆదాయం మీ గదికి.

ఆ సగం నెల ఆదాయంతో అన్నీ రావు, రానక్కర్లేదు కూడా. ముందుగా అరలు, స్పీకర్లు, ఆంప్లిఫయర్ కొనండి. అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన వైర్‌లెస్ పరికరం ముచ్చటగా ఉంటుంది గాని, అందులో ఒక భాగం పాడైనా, దాని సాఫ్ట్‌వేర్‌కు తయారీదారు మద్దతు ఆపేసినా మొత్తం మూలపడవచ్చు. తీగతో కలిపే విడి స్పీకర్లు, విడి ఆంప్లిఫయర్ అయితే ఏది చెడితే దాన్నే మార్చుకోవచ్చు, బాగున్నవి చూసి సెకండ్ హ్యాండ్‌లోనూ తీసుకోవచ్చు. వాట్ల సంఖ్యకు లొంగిపోకండి: శక్తి రెట్టింపైతే ధ్వని పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు బిగ్గరగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. చిన్న గదిలో ఆ అదనపు వాట్లకు పెట్టే డబ్బు వినిపించదు. ఆ డబ్బును అరలకు మళ్లించండి. ఎగుడుదిగుడుగా నిండిన పుస్తకాల గోడ ప్రతిధ్వనిని చెదరగొడుతుంది కనుక సంగీతానికీ మేలే. అయితే మీటరు పొడవున పేర్చిన పుస్తకాలు 25 కిలోల దాకా తూగవచ్చు కాబట్టి, మధ్యలో ఆధారం లేకుండా 80 సెంటీమీటర్లకు మించిన అరలు చేయించకండి. ఏళ్లు గడిచేకొద్దీ అవి వంగుతాయి.

రికార్డ్ ప్లేయర్‌ను ఒక ఏడాది వాయిదా వేయండి. 1948లో వచ్చిన ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డులూ 1982లో వచ్చిన సీడీలూ నేటికీ మోగుతున్నాయి కనుక ఈ ఆలస్యంతో మించిపోయేదేమీ లేదు. పైగా అది కొనడంతో ఆగే ఖర్చు కాదు. రికార్డు గాడిలో నడిచే వజ్రపు సూదిని సాధారణంగా 500 నుంచి 1,000 గంటలకు మార్చాలి, అంటే రోజుకు రెండు గంటలు వినేవారికి ఎనిమిది నుంచి పదహారు నెలలకొక సూది.

ఇక పుస్తకాలూ సంగీతమూ. వీటికి నెల ఆదాయంలో 2 శాతం విడిగా పెట్టుకోండి. స్ట్రీమింగ్ చందా, సూది అన్నీ అందులోంచే పోవాలి, ఒక నెల మిగిలినది తర్వాతి నెలకు చేరాలి. చందా ఆపితే పాటలూ ఆగిపోతాయి గనుక అది అద్దె లాంటిదే అయినా, ఏ రికార్డు కొనదగినదో ముందుగా విని తేల్చుకోవడానికి ఆ అద్దె గిట్టుబాటే. అరలు ఖాళీగా కనిపిస్తున్నాయని మాత్రం ఒకేసారి నింపకండి. నేనూ ఒకప్పుడు ఒక సంపుటాల వరసను మొత్తంగా వాయిదాల మీద కొన్నాను. వాయిదాలు ఎప్పుడో తీరాయి, సగం సంపుటాలు ఇంకా తెరవలేదు.

మీవారితో వాదన రికార్డుల ధర మీద నడిచినంతకాలం తెగదు. ఈ 2 శాతానికి దీటుగా ఆయనకూ తన ఇష్టాలకు 2 శాతం ఉండాలనీ, ఒకరి వాటా గురించి మరొకరు లెక్క అడగకూడదనీ ప్రతిపాదించి చూడండి. దుకాణంవారి దగ్గర స్పీకర్లకూ ఆంప్లిఫయర్‌కూ మాత్రమే నగదు ధర రాయించుకోండి. అరలతో కలిపి సగం నెల ఆదాయం దాటితే, ముందు అరలు చేయించి, స్పీకర్లను వచ్చే బోనస్‌కు ఉంచండి.