ఆడవాళ్ళకే మతిమరుపు ఎక్కువా? మా ఇంట్లో చూసింది చెబుతాను

మీ అమ్మకు 67, నాన్నకు 73 అన్నారు. అమ్మ చెప్పిందే మళ్ళీ చెబుతోంది, నాన్న బాగానే ఉన్నాడు, కాబట్టి ఆడవాళ్ళకే ఇది ఎక్కువగా వస్తుందా, ఇద్దరికీ కారణాలు వేరా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను, కర్నూలులో టీచర్ని. మా నాన్ననీ మా అత్తనీ రెండేళ్ళ తేడాలో ఇదే ఇబ్బందిలో చూశాను. ఆ అనుభవంతోనూ, అప్పట్లో భయంతో చదివిన దానితోనూ రాస్తున్నాను.

ముందు మా నాన్న సంగతి. ఆదోని వైపు బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. 45 ఏళ్ళకే బీపీ ఉందని తెలిసింది. మాత్ర మాత్రం తల తిరిగిన రోజే వేసుకునేవాడు. 50కి షుగర్ కూడా వచ్చింది. సిగరెట్లు రిటైరయ్యేదాకా మానలేదు. 2016లో ఒకరోజు బ్యాంకుకెళ్ళి పింఛన్ తెచ్చుకున్నాడు. సాయంత్రానికి మళ్ళీ బయల్దేరి, నా డబ్బు ఎవరో తీసేశారు అని గొడవ పెట్టాడు. వారం తిరక్కుండా ఎంఆర్ఐ తీయించాం. మెదడులో చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయిన మచ్చలు చాలా కనిపించాయి. ఇవి ఒక్కరోజులో వచ్చినవి కావు, ఏళ్ళ తరబడి బీపీ అదుపులో లేక వచ్చినవి అన్నారు డాక్టరు. ఆ తర్వాత ఆయన దిగజారడం కూడా మెట్లు దిగినట్టే ఉండేది. నాలుగైదు నెలలు అలాగే ఉండేవాడు, ఉన్నట్టుండి ఒక మెట్టు దిగేవాడు.

ఇక్కడ చిన్న మాట. ఇన్ని రిస్కులున్నా ఆయన 70 దాటేదాకా ఎలా నెట్టుకొచ్చాడా అని అనుకునేదాన్ని. తర్వాత హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెదడు డాక్టరు సువర్ణ అల్లాడి గారి బృందం చేసిన పరిశోధన గురించి చదివాను. 2013లో వచ్చింది. 648 మంది డిమెన్షియా (మెదడు దెబ్బతిని మతిమరుపు, తికమక పెరుగుతూ పోయే జబ్బు) రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా లక్షణాలు మొదలయ్యాయి. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. మా నాన్న బస్సులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ టికెట్లు చింపినంత సులువుగా మాట్లాడేవాడు. అదే కాపాడిందని నేను చెప్పలేను గానీ అలా అనుకోవడం నాకు ఇష్టం.

ఇప్పుడు మా అత్త. మూడో తరగతితో చదువు మాన్పించారట, తమ్ముడిని ఎత్తుకోవడానికి. కానీ వీధిలో ఇరవైమంది ఆడవాళ్ళతో చీటీ నడిపేది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు పాట పాడారు, ఎంత తగ్గింది, అన్నీ నోటి లెక్కే. మామ పోయాక ఏడాదికి, అంటే 2018లో, కట్టిన మనిషినే నువ్వు కట్టలేదు అంది. రెండోసారీ అంతే. వీధిలో ఏమనుకున్నారో తెలుసా? ముసలామె డబ్బు తినేస్తోంది అన్నారు. ఇంట్లో మేము కూడా మామ పోయిన దిగులు, వయసు అని సర్దుకున్నాం. మా నాన్న బ్యాంకులో చేసిందీ, ఈమె చీటీలో చేసిందీ ఒకటే తప్పు. ఆయనకు వారంలో స్కాన్ జరిగింది. ఈమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి మాకు రెండేళ్ళు పట్టింది. ఈ తేడా గురించి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. ఆమె పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో! మార్కులు తక్కువొచ్చాయని డిమెన్షియా అని రాసి మాత్రలిచ్చి పంపేశారు. రెండో డాక్టరు వేరేలా చేశారు. అమ్మా, తెలుగు నెలలు వెనక నుంచి చెప్పు అన్నారు. ఫాల్గుణం, మాఘం, పుష్యం అంటూ చైత్రం దాకా ఆగకుండా చెప్పేసింది. అయిదు నిమిషాల కింద చెప్పిన మూడు పేర్లు అడిగితే మాత్రం ఒక్కటే చెప్పగలిగింది. అంటే సమస్య ఉంది, కానీ మొదట చెప్పినంత లేదు. ఇంకో సంగతి కూడా ఆయనే పట్టుకున్నారు. సగం ప్రశ్నలు ఆమెకు వినపడనే లేదు. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. రక్తంలో బీ12 విటమిన్ చాలా తక్కువ. అది మాంసం, గుడ్లు, పాల లాంటివాటి నుంచే వస్తుంది. ఆమె గురువారం, శనివారం, కార్తీకం అంటూ ఏడాదిలో చాలా రోజులు గుడ్డు కూడా ముట్టదు. దానికి తోడు పదేళ్ళుగా షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను తగ్గిస్తుందట. దురద తగ్గి నిద్ర పడుతుందని రోజూ రాత్రి మెడికల్ షాపు నుంచి తెప్పించుకుని వేసుకునే పాతరకం అలర్జీ మాత్ర కూడా వయసు పైబడినవాళ్ళలో బుర్రను మందగింపజేస్తుందని మాన్పించారు.

బీ12 ఇంజెక్షన్లు వేశారు, చెవిటి మిషన్ పెట్టించాం, కంట్లో శుక్లం తీయించాం. నాలుగైదు నెలల్లో మనిషి చాలావరకు తేరుకుంది. పూర్తిగా కాదు. చీటీ మళ్ళీ నడపలేదు.

ఇక మీ ప్రశ్న. లెక్కల్లో ఆడవాళ్ళే ఎక్కువ, అది నిజం. మన దేశంలో 60 దాటినవాళ్ళ మీద చేసిన సర్వే 2023లో వచ్చింది. అందులో ఆడవాళ్ళలో నూటికి 9 మందికి, మగవాళ్ళలో 5.8 మందికి డిమెన్షియా ఉందని అంచనా వేశారు. ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతకడం కొంత కారణం. ఏపీఓఈ4 అనే జన్యువు ప్రభావం ఆడవాళ్ళ మీద కాస్త ఎక్కువని కూడా అంటారు, అది ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. కానీ మన దగ్గర పెద్ద కారణం చదువు. ఆ తరం ఆడపిల్లలకు బడి దక్కలేదు. చిన్నప్పటి చదువు తక్కువవడం కూడా డిమెన్షియా రిస్కుల జాబితాలో ఉంది.

ఆ జాబితా లాన్సెట్ కమిషన్ వాళ్ళది, అంటే లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందానిది. 2024లో 14 రిస్కులు చెప్పారు. వాటిని పూర్తిగా అరికట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులు రాకుండానో, ఆలస్యంగా వచ్చేలాగానో చేయవచ్చట. నడివయసులో వచ్చే వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్, ఈ రెండిటిదే అన్నిటికంటే పెద్ద వాటా, చెరి 7 శాతం. బీపీ, షుగర్, పొగ, తాగుడు, లావు, నడక లేకపోవడం, డిప్రెషన్, ఒంటరితనం, తలకు దెబ్బ, గాలి కాలుష్యం, సరిచేయించని చూపు, ఇవన్నీ చదువుతో పాటు అందులో ఉన్నవే.

జాబితా ఇద్దరికీ ఒకటే. మన ఇళ్ళలో పంచుకున్న తీరే వేరు. సిగరెట్టు, మందు, హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడటం ఎక్కువగా మగవాళ్ళ ఖాతాలోవి. చదువు లేకపోవడం, భర్త పోయాక ఒంటరితనం, ఎవరూ పట్టించుకోని చెవులూ కళ్ళూ ఆడవాళ్ళ ఖాతాలోవి. బీపీ, షుగర్ ఇద్దరివీ. మీ నాన్న బాగానే ఉన్నాడని ఆయన బీపీని వదిలేయకండి.

అమ్మ విషయంలో ముందు బీ12, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించండి, చెవులూ కళ్ళూ పరీక్ష చేయించండి. వాడే మాత్రలన్నీ, షాపులో అడిగి తెచ్చుకునేవి కూడా, ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. మీరే ఏదీ ఆపకండి. డిప్రెషన్ కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది కాబట్టి తిండి, నిద్ర ఎలా ఉన్నాయో చెప్పండి. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పడితే, లేదా ఈమధ్య కిందపడి తలకు దెబ్బ తగిలి ఉంటే, ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, మెదడు చుట్టూ రక్తం చేరడం ఇలాగే బయటపడతాయి.

ఇంకో మాట. అమ్మ చెప్పిందే చెబుతోంది అని రాశారు గానీ, మీరు చెప్పింది ఆమెకు సరిగా వినపడుతోందో లేదో రాయలేదు. పొద్దున కూరగాయలతను వీధి చివర అరిచినప్పుడు ఆమె తనంతట తాను బయటికి వస్తోందా, ఎవరైనా చెబితే వస్తోందా? ఒక రెండు రోజులు గమనించి రాయండి.