టెక్సస్‌లో కొత్త రియల్ ఎస్టేట్ ఏజెంట్‌కి కమిషన్ మొత్తం వస్తుందా?

రాదు, బ్రోకర్ వాటా, ఫీజులు పోగా మిగిలిందే చేతికొస్తుంది. అక్కడి చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్నా స్పాన్సర్ చేసే బ్రోకర్ లేకుండా సేల్స్ ఏజెంట్ పని చేయకూడదు, అందుకే కమిషన్ కూడా ముందు బ్రోకర్‌కి వెళ్లి, ఒప్పందంలో రాసుకున్న లెక్కన ఏజెంట్‌కి వస్తుంది. 4,00,000 డాలర్ల ఇంటిమీద 3 శాతం అనుకుంటే 12,000. 70-30 వాటా అయితే మీకు 8,400. దగ్గరుండి పని నేర్పించే చోటైతే ఆ 30 శాతం దండగేమీ కాదు. ఎంఎల్‌ఎస్ (అమ్మకానికున్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పంచుకునే జాబితా) ఫీజు, ప్రకటనలు, పెట్రోలు ఖర్చులన్నీ మీ వాటాలోంచే, పైగా ఇది జీతం కాదు కాబట్టి పన్నుకి డబ్బు కూడా మీరే పక్కన పెట్టుకోవాలి. చాలామంది పొరబడేది కొందరు బ్రోకర్లు చెప్పే ‘100 శాతం కమిషన్’ అన్న మాట దగ్గర: వాళ్లు వాటా తీసుకోకపోయినా నెలకింతనో, డీల్‌కింతనో వసూలు చేస్తారు, నెలవారీ ఫీజైతే ఒక్క ఇల్లూ అమ్ముడుపోని నెలలో కూడా కట్టాల్సిందే.