సందేహాలు – సమాధానాలు: శవాన్ని ‘గుర్తించారు’ అంటే చూశారనా, ఎవరో తెలిసిందనా?

సందేహం: ‘65 ఏళ్ల తర్వాత బాలుడి మృతదేహాన్ని గుర్తించిన పోలీసులు’ అనే శీర్షిక చూసి, శవం ఇన్నేళ్లకు దొరికిందనుకున్నాను. లోపల చదివితే అది అమెరికాలో 1957లోనే దొరికిందట, ఆ పిల్లవాడెవరో 2022లో తెలిసిందట. ఇక్కడ ‘గుర్తించు’ తప్పా? ‘గుర్తుపట్టిన’, ‘ఆచూకీ లభ్యం’, ‘కేసు ఛేదించిన’ అని రాయవచ్చా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ క్రియకు రెండు అర్థాలుండటమే. ‘చెరువులో శవాన్ని స్థానికులు గుర్తించారు’ అంటే చూశారని. ‘మార్చురీలో శవాన్ని బంధువులు గుర్తించారు’ అంటే అది ఫలానా మనిషిదని చెప్పారని. రెండింటిలోనూ కర్మ శవమే, క్రియా ఒకటే. అర్థాన్ని విడదీస్తున్నది కర్త. స్థానికులకు శవం కంటపడుతుంది, బంధువులకు ఆ మనిషి తెలుసు. పోలీసులు మాత్రం రెండు పనులూ చేస్తారు. కర్త వాళ్లయినప్పుడే మీలా తికమకపడతాం.

దీనికి మందు ‘గా’. ‘ఆ బాలుణ్ని జోసెఫ్ ఆగస్టస్ జరెల్లిగా గుర్తించారు’ అంటే ఇక అనుమానం ఉండదు. శీర్షికలో పేరుకు చోటు లేకపోతే ‘శవం ఎవరిదో 65 ఏళ్లకు తేలింది’ అనవచ్చు. తొందరలో ‘ఎవరిదో’ ఎగిరిపోయి ‘శవం తేలింది’ అని అచ్చయిందో, మళ్లీ చెరువు గట్టుకే వస్తాం!

‘గుర్తుపట్టు’ నాకు ఇష్టమైన మాటే గానీ ఇక్కడ పనికిరాదు. గుర్తుపట్టాలంటే ముందే చూసి ఉండాలి. ఫిలడెల్ఫియా ఊరి చివర, ఫాక్స్ చేజ్ ప్రాంతంలో, 1957 ఫిబ్రవరిలో అట్టపెట్టెలో ఆ పసివాడి శవం దొరికింది. నాలుగేళ్లో ఆరేళ్లో ఉంటాయి. ఊరంతా పోస్టర్లు వేశారు, గ్యాస్ బిల్లులతో పాటు ఇంటింటికీ ఫొటో పంపారు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఈ వాక్యంలో ఆ మాట ఎంత బాగా కుదిరిందో చూడండి. 2019లో సమాధి మళ్లీ తవ్వి అవశేషాల నుంచి డీఎన్ఏ తీసినవాళ్లు ఆ పిల్లవాణ్ని ఏనాడూ చూసినవారు కారు.

మన వార్తల్లో ‘డీఎన్ఏ సరిపోలింది’ అంటుంటారు. డీఎన్ఏ పరీక్షలు చేసే హైదరాబాద్ సీడీఎఫ్‌డీ లాంటి సంస్థల్లో శవం తాలూకు డీఎన్ఏను, తల్లిదండ్రులమో పిల్లలమో అని వచ్చినవాళ్ల డీఎన్ఏతో పోల్చి చూస్తారు. ఆ సందర్భానికి అది సరైన మాట. ఫిలడెల్ఫియాలో పోల్చడానికి ఎవరూ రాలేదు. తమ వంశం తెలుసుకోవాలన్న సరదాతో జనం డీఎన్ఏ వివరాలు పెట్టే డేటాబేస్‌లలో వెదికితే తల్లి వైపు చుట్టాలు దొరికారు. అక్కణ్నుంచి వంశవృక్షం అల్లుకుంటూ తల్లిని, ఆమె ద్వారా బాలుడి జనన ధ్రువపత్రాన్ని పట్టుకున్నారు. 1953 జనవరిలో పుట్టాడని అప్పుడు తెలిసింది. ఈ పద్ధతికి ‘డీఎన్ఏ సాయంతో ఎవరో తేల్చారు’ అంటే చాలు.

‘ఆచూకీ’ మనిషి కనబడనప్పుడు వెదికేది. శవం ఎదురుగా ఉండగా ఆచూకీ ఏమిటి? ఇంట్లోంచి వెళ్లిపోయినవాడి ఆచూకీ తెలియకపోవచ్చు, దొరికిన శవానికి పేరు తెలియకపోవచ్చు. ఆ రెండూ ఒకే మనిషివి కావడం వేరే సంగతి. ‘ఛేదించిన’ అయితే ఇక్కడ పచ్చి అబద్ధం. 2022 డిసెంబరులో పేరు ప్రకటించినప్పుడు కూడా హంతకుడెవరో పోలీసులు చెప్పలేకపోయారు. పేరు దొరికిన ప్రతి పాత కేసుకూ ‘వీడిన మిస్టరీ’ అని తగిలించడం మన డెస్కుల బలహీనత.

‘గా గుర్తించారు’ అన్నా ఒక జాగ్రత్త అవసరం: గుర్తించిందెవరు? ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర సోమర్టన్ బీచ్‌లో 1948 డిసెంబరు 1న ఒకాయన శవం దొరికింది. పోలీసులు అప్పట్లో ఆయన తల, భుజాల వరకు ప్లాస్టర్ అచ్చు తీయించారు. అందులో ఇరుక్కుపోయిన వెంట్రుకల నుంచి డీఎన్ఏ రాబట్టి, ఆయన మెల్బోర్న్‌కు చెందిన ఇంజినీర్ కార్ల్ వెబ్ అని ప్రొఫెసర్ డెరెక్ ఆబట్ 2022 జులైలో ప్రకటించారు. పోలీసులు వెంటనే ధ్రువీకరించలేదు. అలాంటప్పుడు ‘గుర్తించారు’ అని కర్త లేకుండా వదిలేస్తే ప్రభుత్వమే తేల్చిందనుకుంటాం. ‘వెబ్ అని ప్రొఫెసర్ ప్రకటన’ అంటే ఉన్నంతే చెప్పినట్టు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. ‘గుర్తు తెలియని’, ‘గుర్తుపట్టలేని’, ‘అనాథ’ శవాలను ఒకే గాటన కట్టేస్తుంటారు. ముఖం చెక్కుచెదరకపోయినా ఎవరో తెలియకపోతే గుర్తు తెలియని శవం. కుళ్లిపోయో కాలిపోయో రూపం చెడితే గుర్తుపట్టలేని శవం. జేబులో ఆధార్ కార్డున్నా తీసుకెళ్లేవాళ్లు రాకపోతే అనాథ శవం.