50 వేలు తీసుకుని సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా అబ్బాయికి 22 ఏళ్లు. కొత్తూరు వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద నెలకు 16 వేలకు పనిచేస్తున్నాడు. రెండు నెలల కింద ప్రెస్ మిషన్‌లో పడి కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. కాంట్రాక్టర్ 50 వేలు ఇస్తాను, కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. వైద్యానికి 40 వేలు మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. ఏం చేయాలి?

జవాబు: సంతకం ఆపండి. ఆ కాగితాన్ని ముందు ఎవరితోనైనా చదివించుకోండి. దెబ్బ పని దగ్గర తగలలేదన్న ముక్క ఒక్కటున్నా మీవాడు నిండా మునుగుతాడు.

తర్వాత జీతం స్లిప్పు తీయండి. అందులో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కింద 120 రూపాయలు కోశారా? 16 వేలకు 0.75 శాతం అంతే. కోసి ఉంటే లెక్కే వేరు. పనిలో తగిలిన దెబ్బకు ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన తొలిరోజు తగిలినా సరే. పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం, అంటే నెలకు సుమారు 14,400 రావాలి. రాలేదంటే ప్రమాదం రిపోర్టు (ఫారం 12) పంపారా లేదా అని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి.

అసలు డబ్బు ఆ తర్వాతిది. గాయం మానాక సంపాదించే శక్తి ఎంత పోయిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది. చట్టంలోని పట్టిక ప్రకారం ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం. బోర్డు అంతే వేసిందనుకుందాం. 14,400లో 20 శాతం 2,880. అది నెలనెలా, బతికున్నంత కాలం వస్తుంది. మళ్లీ పనిలో చేరినా ఆగదు. 18 నెలల్లోనే ఆ 50 వేలు దాటిపోతాయి. "చిన్నోడే కదా, ఇంకో పని దొరుకుతుందిలే" అని మీకు చెప్పే ఉంటారు. చిన్నోడు కాబట్టే ఈ పైకం ఎక్కువ ఏళ్లు వస్తుంది!

స్లిప్పే ఇవ్వలేదా? హాజరు ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు, తోటి పనివాళ్ల సాక్ష్యం పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచికీ, కార్మిక శాఖకూ రాసివ్వండి. కాంట్రాక్టు మనిషైనా ఫ్యాక్టరీ యాజమాన్యానికి బాధ్యత తప్పదు.

బ్యాంకులో ఏటా 20 రూపాయలు కోసే బీమా మీద ఆశ పెట్టుకోకండి. చెయ్యో కాలో కన్నో పూర్తిగా పోతేనే అందులో లక్ష ఇస్తారు, వేళ్లకు రాదు.

ఇక అప్పు. నెలకు 1,200 మిత్తికే పోతోంది. ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే అక్కడ తక్కువ వడ్డీకి తీసుకుని దీన్ని ఈ నెలలోనే కట్టేయండి. ఈఎస్ఐ బకాయి చేతికి రాగానే సంఘం అప్పు తీర్చండి.