మీరు అడిగారు: వాటర్ పార్కు అయ్యాక రెండు రోజులు ఎటు?

ప్రశ్న: దసరా సెలవులకు మంచిర్యాల నుంచి రైల్లో హన్మకొండ వస్తున్నాం. ఏడేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ వెంట ఉంటారు. మొదటి రోజు వాటర్ పార్కుకు తీసుకెళ్తామని పిల్లలకు మాటిచ్చాం. మిగిలిన రెండు రోజుల్లో రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం, వరంగల్ కోట, వెయ్యి స్తంభాల గుడి అన్నీ అవుతాయా?

జవాబు: బొగత వదిలేస్తే అవుతాయమ్మా. రోజంతా నీళ్లలో ఎగిరిన పిల్లలు మర్నాడు పొద్దున్నే లేవరు. అందుకే రెండో రోజు ఊళ్లోనే ఉండండి, దూరం పోయేది మూడో రోజు పెట్టుకోండి.

రెండో రోజు తీరిగ్గా పదింటికి వెయ్యి స్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం మాత్రం అక్కడ ఇసుకేస్తే రాలదు, అత్తమ్మతో ఆ పూట వద్దు. మధ్యాహ్నం పడుకుని, నాలుగు దాటాక కోటకు వెళ్లండి. తోరణాల నడుమ నేలంతా విరిగిన శిల్పాలే, పిల్లలకు తిరగడానికి చోటుంటుంది. పదిహేనేళ్ల లోపు వాళ్లకు టికెట్ అక్కర్లేదు. ఖుష్ మహల్ అక్కడికి దగ్గరే, అదీ చూసి రండి.

మూడో రోజు పొద్దున ఆరింటికే బయల్దేరండి. రామప్ప గుడి ఉన్న పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు. ఎండెక్కితే రామప్ప గుడి చుట్టూ రాళ్లు కాలతాయి, చెప్పులు బయటే వదలాలి కాబట్టి ప్రదక్షిణ సగంలోనే ఆగిపోతుంది. సాక్సులు వెంట తెచ్చుకోండి. పునాదిలో ఇసుక నింపి కట్టిన గుడి ఇది. మండపంలో నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, అత్తమ్మ చెయ్యి పట్టుకోండి. చిన్నవాడికి పీఠం చుట్టూ ఏనుగుల వరుస లెక్కపెట్టే పని అప్పజెప్పండి. పెద్దదానికి చూరు కింద నల్లరాతి మదనికలు (స్త్రీల శిల్పాలు) చూపించండి, పన్నెండు ఉంటాయి. నీళ్లలో తేలే ఇటుకలు విమానంలో, అంటే గర్భగుడి మీది శిఖరంలో ఉన్నాయి, కింది నుంచి చేతికందవు. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలు అక్కడ అలుగుతారు. కోతులుంటాయి, తినుబండారాల సంచి కారులోనే ఉంచండి.

తిరిగి హైవే ఎక్కి చల్వాయి దగ్గర మలుపు తీసుకుంటే లక్నవరం. వేలాడే వంతెన ఊగుతుంది, అత్తమ్మ ఒడ్డునే కూర్చుంటే మంచిది. పడవ ఎక్కాలంటే సాయంత్రం దాకా ఆగకండి, పొద్దు గూకకముందే ఆపేస్తారు. లైఫ్ జాకెట్ పిల్లల సైజుది అడిగి తీసుకోండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో పైకి జారిపోతుంది.

రామప్పకు వెళ్లడానికి కారు లేకుంటే హన్మకొండ బస్టాండులో ఏటూరునాగారం బస్సెక్కి, ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగండి. ఆటోను రానుపోను మాట్లాడుకోండి. గుడి దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం.

ప్రశ్న: బొగత ఒక్కటే చూద్దామనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్లాలి?

జవాబు: వానలు పడ్డాక, దసరా దాకా బాగుంటుంది. ఎండాకాలం ధార సన్నబడుతుంది. హన్మకొండ నుంచి ఒక వైపే మూడు గంటలు పైన పడుతుంది. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు వైపు పోవాలి. ఆ అడవి దారిలో సిగ్నల్ సరిగా ఉండదు, పెట్రోలు ములుగులోనే పోయించుకోండి. వరద ఎక్కువుంటే అటవీ సిబ్బంది నీళ్లలోకి దిగనివ్వరు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. ధార పడే మడుగు లోతు పైకి తెలియదు, రాళ్లకు పాచి ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ వారం ఆ రోడ్డు జోలికే పోవద్దు.

ప్రశ్న: హైదరాబాద్ తిరిగి వెళ్తూ దారిలో ఒక గంట ఆగడానికి ఏముంది?

జవాబు: జనగామ దగ్గర పెంబర్తి. ఇత్తడి రేకును లక్క మీద పెట్టి ఉలితో కొట్టి బొమ్మ లేపుతారు. షాపులో సామాను చూసి వచ్చేయకుండా, పని చేసే చోటు చూపించమని అడగండి.