డెబ్భై రెండు వేల ఇయర్‌ఫోన్స్ రోజూ మెట్రోలో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. చేతికి 68,000 వస్తుంది. రోజూ ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తూ, వస్తూ పాటలు వింటాను. ఈ మధ్య స్నేహితుడి దగ్గర 72,000 రూపాయల వైరున్న ఐఈఎం (ఇన్-ఇయర్ మానిటర్, చెవి లోపల బిగుతుగా పెట్టుకునే ఇయర్‌ఫోన్స్) విన్నాను. అప్పటినుంచి నా పాత ఇయర్‌బడ్స్‌లో పాట వినబుద్ధి కావడం లేదు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది, నెలకు 6,000. తీసుకోవచ్చా? తీసుకుంటే రోజూ వాడాలా, లేక ఇంట్లో ఉంచుకుని బయటికి చవకవి వాడాలా? నా ఖర్చులు: అద్దెలో వాటా 11,000, తిండి, ప్రయాణం కలిపి 16,000, ఊళ్లో అమ్మానాన్నలకు 12,000, బైక్ ఈఎంఐ 4,800, ఫోన్ ఈఎంఐ 3,900 (ఇంకో నాలుగు నెలలు), సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5,000. సేవింగ్స్‌లో 1,10,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 23,000 ఉంది కానీ మినిమమ్ కడుతున్నాను కాబట్టి టెన్షన్ లేదు.

జవాబు: మీరు ఐఈఎం గురించి అడిగారు. నా చెవిన పడింది మాత్రం మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యం. ముందు దాని సంగతి చూద్దాం.

కార్డు బాకీ మీద వడ్డీ నెలకు 3.5 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. మీ 23,000 మీద లెక్క వేస్తే 805 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 950. మినిమమ్ డ్యూ అంటే మామూలుగా బాకీలో 5 శాతం, అంటే మీరు కట్టేది 1,150. అందులో 950 వడ్డీకే పోతే అసలులో తగ్గేది 200. రెండు వందలు! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. కూరగాయలు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. టెన్షన్ లేదంటున్నారు కానీ, రెండు నెలలకోసారి ఓ మోస్తరు ఇయర్‌ఫోన్ కొని బ్యాంకువాళ్ల చేతిలో పెడుతున్నారు మీరు.

కాబట్టి ఈ వారంలోనే సేవింగ్స్ నుంచి 23,000 తీసి కార్డు మొత్తం కట్టేయండి. సేవింగ్స్ ఖాతాలో మూడు శాతానికి అటూ ఇటూగా వడ్డీ తెచ్చుకుంటూ, పక్కనే ఏడాదికి 42 శాతం వడ్డీ కట్టడం ఏ లెక్కలోనూ నిలవదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. ఈ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. లోపల జరిగేది ఇది: బ్యాంకు తన వడ్డీ తను వేస్తుంది, ఆ వడ్డీకి సరిపడా డిస్కౌంటు ధరలో ముందే తగ్గిస్తారు. ఉదాహరణకు వడ్డీ 15 శాతం అనుకుందాం. 72,000 వస్తువును దాదాపు 66,500కి అమ్మినట్టు చూపించి, మిగిలిన 5,500 మీ దగ్గర వడ్డీగా వసూలు చేస్తారు. నెలకు ఆరు వేల చొప్పున పన్నెండు నెలలు, మొత్తం 72,000. సరిపోయిందిగా అనిపిస్తుంది. కానీ ఆ 5,500 వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంచుమించు వెయ్యి రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఒకేసారి డబ్బు ఇస్తాను అంటే అదే షాపు ఎంతో కొంత తగ్గిస్తుంది. ఈఎంఐ తీసుకున్న రోజున ఆ బేరం మీ చేతిలోంచి పోతుంది.

ఇప్పటికే బైకుది, ఫోనుది కలిపి 8,700 ఈఎంఐలు కడుతున్నారు. దీంతో 14,700 అవుతుంది. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 52,700. 68,000లోంచి అవి తీసేస్తే ఇంకా 15,300 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు. మిగులుతూ ఉంటే కార్డు మీద బాకీ ఎందుకుంటుంది? ఒక్క నెల ఫోన్‌పే, గూగుల్‌పే చరిత్ర తీసి కాగితం మీద రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇంత చెప్పాను కదా అని ఐఈఎం వద్దంటున్నానని అనుకోకండి. మా తోడల్లుడి కొడుకు ఒకసారి తనది నా చెవిలో పెట్టి ఒక పాత కచేరీ రికార్డింగు వినిపించాడు. మృదంగంలో కుడివైపు మోత ఎందులోనైనా వినపడుతుంది. ఆ రోజు ఎడమవైపు తొప్పి మీద అరచెయ్యి పడి, కొంచెం నొక్కి, జారడం విన్నాను. తొప్పికి అద్దే రవ్వ ముద్ద మెత్తదనం కూడా తెలిసినట్టే అనిపించింది. అరగంట దాకా తిరిగి ఇవ్వలేదు. కాబట్టి 'పాట ఏదైనా పాటేగా' అనే మాట నేను అనను. సంగీతం మీద ఖర్చు దుబారా కాదు. ఏ డబ్బుతో కొంటున్నారు, ఎక్కడ వినబోతున్నారు అన్నదే నాకు కావాలి.

మీ రెండో ప్రశ్న, రోజూ వాడాలా, దాచుకోవాలా అన్నది, నాకు ఎక్కువ నచ్చింది. దీనికి గంటకు ఎంత పడుతుందో లెక్క వేద్దాం. మెట్రోలో రానుపోను రోజుకు రెండు గంటలు, 22 పనిరోజులకు 44 గంటలు. ఆఫీసులోను, ఇంట్లోను కలిపి ఇంకో 26 అనుకుందాం. నెలకు 70, ఏడాదికి 840, ఐదేళ్లకు 4,200 గంటలు. 72,000ని దాంతో భాగిస్తే గంటకు 17 రూపాయలు. అదే ఇంట్లో దాచుకుని వారానికి మూడు గంటలు వింటే ఐదేళ్లకు 780 గంటలు, గంటకు 92. పెళ్లికి కొన్న పట్టుచీర బీరువాలో మడతల దగ్గర చిరిగిపోతుంది చూడండి, అదే వరస. కొంటే వాడాలి.

వాడితే పాడైపోతాయన్న భయం కూడా అంత అవసరం లేదు. ఐఈఎంలు అసలు పుట్టిందే వేదిక మీద పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు. రోజూ చెమటలో, లైట్ల వేడిలో, చెవి వెనకనుంచి వైరు తిప్పి కట్టుకుని వాడేవాళ్ల కోసం చేశారు. వైర్‌లెస్ బడ్స్‌కి బ్యాటరీయే ప్రాణం, రెండు మూడేళ్లకు అది నీరసించిపోతుంది. వైరున్న వాటికి ఆ రోగం లేదు. మొదట పోయేది వైరు, అదీ ప్లగ్గు దగ్గర.

ఈ ముక్క నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట 18,000 పెట్టి ఒక జత కొన్నాను. అప్పటికి అది నాకు చాలా పెద్ద మొత్తం. భయంతో డబ్బాలోనే పెట్టి, ఆదివారం రాత్రి మాత్రం తీసేవాణ్ణి. ఏడాదిన్నరకి ప్లగ్గు దగ్గర వైరు తెగింది. అది ఊడదీసి మార్చే రకం కాదు. బాగుచేయించాలంటే ధరలో దాదాపు సగం అడిగారు. వదిలేశాను. తర్వాత లెక్క వేస్తే గంటకు నూటయాభై పైనే పడింది. సినిమాహాల్లో మంచి సీటు వచ్చేది. కాబట్టి మీరు ఏ ధరలో కొన్నా, వైరు విడిగా ఊడివచ్చేదే కొనండి. వైరు పోతే వైరే మార్చుకుంటారు.

ఇప్పుడు లెక్కలో ఉన్న మెలిక. ఆ 70 గంటల్లో 44 మెట్రోలో అన్నాం. బోగీలో ఏసీ హోరు, పట్టాల గరగర, అమీర్‌పేటలో తోపులాట, మధ్యమధ్య అనౌన్స్‌మెంట్లు. చెవి టిప్పులు (చెవిలోకి దూరే మెత్తటి రబ్బరు తొడుగులు) బిగుతుగా కూర్చుంటే మాటలు, కీచు శబ్దాలు బాగానే తగ్గుతాయి కానీ రైలు తాలూకు కింది స్థాయి హోరు కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ హోరులోనే బేస్ గిటారు, తొప్పి మునిగిపోతాయి. మీరు అదనంగా డబ్బు పెట్టేది సరిగ్గా ఆ వివరాల కోసమే. అవి వినపడేది ఆ 26 గంటల్లో మాత్రమే. ఆ గంటలే లెక్కలోకి తీసుకుంటే గంటకు 46 రూపాయలు. మెట్రో వరకు చూస్తే, హోరును తగ్గించే ఏఎన్‌సీ ఉన్న బడ్స్ ఇంతకంటే బాగా పనిచేస్తాయి, ధరలో ఇందులో నాలుగో వంతు కూడా ఉండవు.

ధర పెరిగితే ధ్వని అంత పెరుగుతుందా అన్నదీ చూడాలి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించాడు. వాటిలో చెవిలో పెట్టుకునేవీ ఉన్నాయి. ఏ స్థాయి స్వరాన్ని ఎంత గట్టిగా పలికిస్తుందన్న కొలతకీ, అమ్మకపు ధరకీ సంబంధమే కనపడలేదు. ధ్వని నాణ్యత మొత్తం ఆ ఒక్క కొలతలోనే ఉందని నేను అనను. కానీ ఐదు వేల నుంచి డెబ్భై వేలకు వెళ్తే పద్నాలుగు రెట్ల ఆనందం వస్తుందనుకోవడం మన ఆశ. 2022లో మూన్‌డ్రాప్ చూ లాంటివి 20 డాలర్లకే వచ్చి, ఖరీదైనవి వాడేవాళ్లచేత కూడా మెప్పు పొందాయి.

ఇంకో సంగతి. ఎడాపెడా ఖర్చుపెట్టి, ఉచిత యాప్‌లో తక్కువ నాణ్యతలో పాట వింటే లాభం లేదు. పాతకాలం సినిమా పాటల్లో టేపు బుస కూడా మరింత స్పష్టంగా వినపడుతుంది, అది మాత్రం గ్యారంటీ. ఫోనుకు 3.5 ఎంఎం జాక్ లేకపోతే చిన్న అడాప్టర్ కూడా కావాలి. దానికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ చాలు, పదివేల డ్యాక్ (ఫోన్లోని డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) అంటగడితే ఒప్పుకోకండి. సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో ఎవరో తెస్తారు, చవక అంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు అడగండి. సెకండ్ హ్యాండ్‌ని మాత్రం నేను వద్దనను. డబ్బా విప్పగానే వీటి ధర పడిపోతుంది, ఆ నష్టం మొదట కొన్నవాడే భరిస్తాడు. బిల్లు చూసి, సీరియల్ నంబరు సరిచూసుకుని, టిప్పులు కొత్తవి వేసుకుంటే చాలు. (మీరే తర్వాత నష్టానికి అమ్మితే దాన్ని ఆదాయపు పన్నులో చూపించుకోవచ్చా అని ఇదివరకు ఒకాయన అడిగాడు. కుదరదు. ఇలాంటి సొంత వాడకం వస్తువు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు.)

వాల్యూమ్ గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు, పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మెట్రోలో హోరును మించి వినాలని వాల్యూమ్ పెంచితే ఆ హద్దు ఇట్టే దాటిపోతారు. అందుకే డబ్బు కంటే ముందు టిప్పు సైజు మీద శ్రద్ధ పెట్టండి. చెవికి సరిగ్గా అతికితే తక్కువ వాల్యూమ్‌లోనే బేస్ వస్తుంది. మంచి వినికిడి యంత్రాల జత మీరు కొనాలనుకుంటున్న ఐఈఎం కంటే ఖరీదు. ఇక రాయదుర్గంలో దిగి బైక్ ఎక్కితే రెండు చెవుల్లోంచీ ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకోవాల్సిందే.

సరే, ఏం చేయాలి? కార్డు తీరాక మీ దగ్గర 87,000 ఉంటుంది. ఫోన్ ఈఎంఐ అయిపోయాక, సిప్ కాకుండా మీ నెల ఖర్చు 43,800. మూడు నెలలకు 1,31,400. ఉద్యోగం ఊడితే అమ్మానాన్నలకు పంపే డబ్బు ఆగకుండా ఉండాలంటే ఇది ఉండాలి, మీ రంగంలో ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. నెలకు 8,000 చొప్పున ఆరు నెలలు వేస్తే 1,35,000 అవుతుంది. సిప్‌ను ముట్టుకోకండి.

దాంతోపాటే ఐఈఎం కోసం విడిగా ఇవాళే నెలకు 3,000తో ఒక ఆర్డీ (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరవండి. నాలుగు నెలలకు ఫోన్ ఈఎంఐ అయిపోతుంది, ఆ 3,900 మళ్లీ చేతిలో ఆడకముందే రెండో ఆర్డీకి మళ్లించండి. పదమూడో నెలకు రెండూ కలిపి 74,100, పైన కాస్త వడ్డీ. అప్పుడు నగదుతో బేరమాడండి. ఈ లోపల రెండు వేలలో ఒక మంచి వైరున్న జత కొని మెట్రోలో వాడండి. ఆర్నెల్లు గడిచాక కూడా స్నేహితుడి ఐఈఎం మీద మనసు పోతూనే ఉంటే మీ కోరిక నిజమైనదే. చాలామందికి ఆ పాటికి పదిహేను ఇరవై వేల రకంలోనే తృప్తి దొరుకుతుంది, మిగిలింది ఊళ్లో ఇంటికి సున్నం వేయించడానికో, ఇంకో దానికో పనికొస్తుంది.

పదమూడో నెలలో 72,000వే కొన్నా నాకు అభ్యంతరం లేదు. అమీర్‌పేట తోపులాటలో అది పోతే ఆ నెల అద్దెకు ఇబ్బంది పడతారా అని మాత్రం ఒకసారి ఆలోచించుకోండి. పడనంటే రోజూ పెట్టుకుని తిరగండి.

ఈ మధ్యలో షాపుకు వెళ్లి విని రావాలనిపిస్తే తప్పకుండా వెళ్లండి. మీరు రోజూ వినే పాటలు నాలుగు ఫోన్లో వేసుకుని, మీ అడాప్టర్ మీరే పట్టుకెళ్లండి. క్రెడిట్ కార్డు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.